వానలో పాతకార్ల పందెం: గుడ్‌వుడ్ వారాంతం

ఇంగ్లండు దక్షిణ తీరానికి చేరువలో, చిచెస్టర్ పట్టణానికి కొద్ది దూరాన గుడ్‌వుడ్ అనే విశాలమైన ఎస్టేటు ఉంది. ఏటా సెప్టెంబరులో మూడు రోజుల పాటు అక్కడ పాతకాలపు కార్ల పందేలు జరుగుతాయి. ఆ ఉత్సవానికి ‘గుడ్‌వుడ్ రివైవల్’ అని పేరు. ఆ నెలలో ఆ తీరాన ఎప్పుడు ఎండ కాస్తుందో, ఎప్పుడు వాన పట్టుకుంటుందో ముందుగా చెప్పడం కష్టం. అందుకే అనుభవం ఉన్న అభిమానులు ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే గొడుగు, రబ్బరు బూట్లు, రెండో జత మేజోళ్ళు సర్దుకుంటారు. వాన వస్తే పందెం ఆగిపోతుందని బెంగపడేవారు తొలిసారి వెళ్ళినవారే.

క్రికెట్‌కు అలవాటు పడిన మనకు ఇది కొంత వింతగా తోస్తుంది. నాలుగు చినుకులు రాలగానే పిచ్ మీదికి కవర్లు పరుగెత్తుకు వచ్చే ఆట మనది. కారు పందెంలో మాత్రం, మరీ కుంభవృష్టి అయితే తప్ప, జెండా ఊపుతూనే ఉంటారు. తడిసిన బాట మీద అప్పటిదాకా వెనుకబడిన చిన్న కారు ముందుకు వస్తుంది, వందల గుర్రాల బలం ఉన్న పెద్ద కారు తడబడుతుంది. తొంభై ఏళ్ళ వయసు దాటిన యంత్రాలను, కొన్ని వందల కోట్ల రూపాయలు పలికే వాటిని సైతం, ఆ నీటిలోకి ఎందుకు దింపుతారు, దింపడం సబబేనా అన్నది అభిమానుల మధ్య ఎడతెగని చర్చ.

ఏది ‘వింటేజ్’?

మన వాడుకలో పాత కారు ప్రతిదీ వింటేజ్ కారే. బ్రిటన్‌లో ఆ మాటకు కచ్చితమైన హద్దు ఉంది. అక్కడి వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ 1934లో ఏర్పడింది. 1930 డిసెంబరు 31 లోపు తయారైన కార్లనే అది ఈ పేరుతో గుర్తించింది. ఆర్థిక మాంద్యం తరువాత కార్ల తయారీలో నాణ్యం పడిపోయిందని, చవకగా, మూసగా తయారుచేయడం మొదలైందని ఆ క్లబ్ స్థాపకులు గట్టిగా నమ్మారు. వారి లెక్కలో 1919 నుంచి 1930 వరకు వింటేజ్ కాలం. అంతకు ముందువాటిని ఎడ్వర్డియన్, వెటరన్ అని వేరు చేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాతి పందెపు కార్లను ‘హిస్టారిక్’ అంటారు. గుడ్‌వుడ్‌లో పరుగెత్తేవాటిలో ఎక్కువ భాగం ఈ చివరి తరగతివే. యుద్ధానికి ముందునాటి కార్లకూ అక్కడ ప్రత్యేక పందేలుంటాయి.

మన దేశంలో కొలత వేరు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2021 జూలైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం తొలిసారి రిజిస్టరై 50 ఏళ్ళు దాటి, మౌలిక రూపంలో పెద్ద మార్పులు లేని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ వాహనాలు. వాటి నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత ‘విఎ’ అనే అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతుకు తీసుకువెళ్ళవచ్చు గాని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. ఈ లెక్కన 1970ల తొలినాటి ఫియట్ కూడా మన దగ్గర వింటేజే. బ్రిటిష్ క్లబ్‌లోని పాత సభ్యుడెవరైనా ఇది వింటే చిరునవ్వు నవ్వి ఊరుకుంటాడు.

విమానాలు ఎగిరిన నేల

గుడ్‌వుడ్ బాట ఒకప్పటి వైమానిక స్థావరం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వెస్ట్‌హాంప్‌నెట్ పేరుతో అక్కడి నుంచి బ్రిటిష్ యుద్ధ విమానాలు ఎగిరేవి. విమానాలు తిరగడానికి మైదానం అంచున వేసిన దారే యుద్ధానంతరం పందెపు బాట అయింది. కార్ల పందేలంటే మక్కువగల తొమ్మిదో రిచ్‌మండ్ డ్యూక్, ఫ్రెడీ మార్చ్, 1948 సెప్టెంబరు 18న దానిని ప్రారంభించారు. ఆ మొదటి రోజున 500 సీసీ కార్ల పందెంలో గెలిచిన కుర్రవాడికి అంతకు ముందురోజే 19 ఏళ్ళు నిండాయి. అతడే తరువాతి కాలంలో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన స్టిర్లింగ్ మాస్. 1962 ఈస్టరు సోమవారం అదే బాట మీద, సెయింట్ మేరీస్ మలుపు దగ్గర జరిగిన ప్రమాదంతో మాస్ అగ్రశ్రేణి పందేల జీవితం ముగిసింది. కార్ల వేగం పెరిగి ప్రమాదాల భయం ఎక్కువైన కారణంగా 1966లో పందేలు నిలిపివేశారు. సరిగ్గా ప్రారంభమైన 50 ఏళ్ళకు, 1998 సెప్టెంబరు 18న, ఫ్రెడీ మార్చ్ మనుమడు ఆ బాటను తిరిగి తెరిచారు. ‘రివైవల్’ అన్న పేరు అలా వచ్చింది.

విమాన స్థావరం పందెపు బాటగా మారిన కథ తెలుగువారికి పరాయిది కాదు. నెల్లూరు నుంచి చెన్నపట్నం వెళ్ళే రహదారి మీద, నగరం ఇంకా కొంత దూరం ఉందనగా వచ్చే షోలవరం కూడా యుద్ధకాలపు రన్‌వేయే. 1950ల నుంచి దశాబ్దాల పాటు మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ పందేలు నిర్వహించింది. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన బాట వచ్చాక షోలవరం మూగబోయింది. చిన్నప్పుడు మద్రాసు బస్సులో ఆ ఊరు దాటుతుంటే, ‘అదిగో, కార్లు పరుగెత్తే చోటు’ అని కిటికీలోంచి ఎవరో ఒకరు చూపించేవారు. ఈ వ్యాసకర్తకు ఈ మోజు అంటుకున్నది అక్కడే. షోలవరం పెద్ద పందేలు ఫిబ్రవరిలో జరిగేవి. వాన బెడద లేని నెల అది. ఇంగ్లండులో అలాంటి నెలను వెదుక్కునే భాగ్యం నిర్వాహకులకు లేదు.

తడి బాట మీద ఏం జరుగుతుంది?

గుడ్‌వుడ్ చుట్టు సుమారు 3.8 కిలోమీటర్లు. కార్లు గడియారపు ముల్లు తిరిగే దిశలో వెళతాయి. మలుపుల్లో చాలా భాగం వేగంగా తీసుకోవలసినవే. ప్రారంభ గీత దాటగానే మాడ్జ్‌విక్ అనే సాగిన కుడి మలుపు, తరువాత కాలు తీయకుండా పోవాలని ఊరించే ఫోర్డ్‌వాటర్, ఆపైన పల్లంలోకి దిగే సెయింట్ మేరీస్, లావెంట్, పొడవైన తిన్నని బాట, వుడ్‌కోట్, చివరగా ఇరుకైన చికేన్. బాట అంచున పెద్ద ఇసుక మైదానాలు లేవు. పచ్చిక, దాని వెనుక మట్టి గట్లు ఉంటాయి. తడిసిన పచ్చిక మీదికి చక్రం జారితే బ్రేకు ఉన్నా లేనట్టే. వాన పడ్డప్పుడు నిలబడి చూడవలసిన చోటు ఫోర్డ్‌వాటర్, సెయింట్ మేరీస్‌ల మధ్య గట్టు అని పలువురు అభిమానులు చెబుతారు. డ్రైవరు ధైర్యం ఎక్కడ ఆగుతుందో అక్కడ తెలిసిపోతుంది.

ముందుగా టైర్ల సంగతి. నేటి పందేలలో వాన మొదలవగానే కార్లు లోపలికి వచ్చి, లోతైన గాళ్ళున్న వాన టైర్లు తొడిగించుకుని పోతాయి. పాతకార్ల పందేలలో ఆ వెసులుబాటు సాధారణంగా ఉండదు. ఆనాటి నమూనాలో నేటికీ తయారవుతున్న క్రాస్-ప్లై టైరే ఎండకూ వానకూ కూడా. ఇది సన్నగా ఉంటుంది. సన్నదనం ఇక్కడ లోపం కాదు. వెడల్పాటి టైరు నీటి పొర మీద తేలిపోతే, సన్నని టైరు నీటిని చీల్చుకుని తారును అందుకుంటుంది. టైరు నీటి మీద తేలిపోయే వేగానికి సంబంధించి నాసా పరిశోధకులు విమాన టైర్లను పరీక్షించి ఒక సూత్రం తేల్చారు. ఆ వేగం ప్రధానంగా టైరులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. నీరు తగినంత లోతుగా నిలిచినప్పుడు 25 పౌండ్ల ఒత్తిడి ఉన్న టైరు గంటకు 83 కిలోమీటర్ల ప్రాంతంలోనే తేలవచ్చు, 36 పౌండ్లయితే దాదాపు 100 దాకా నిలుస్తుంది. తిన్నని బాట మీద ఈ కార్లలో చాలా వాటి వేగం 200 దాటుతుంది. నీరు ఎక్కడ నిలిచిందో ప్రతి చుట్టులోనూ గుర్తుపెట్టుకుని తప్పించుకోవడమే డ్రైవరు పని.

క్రాస్-ప్లై టైరుకు మరో గుణం ఉంది. పట్టు వదిలేటప్పుడు హఠాత్తుగా వదలదు, ముందే చెప్పి వదులుతుంది. అందుకే వానలో ఈ కార్లు ప్రతి మలుపులోనూ తోక పక్కకు జరుపుతూ, ముందు చక్రాలు ఎదురు దిక్కుకు తిప్పుకుని పోతుంటాయి. చూసేవారికి అది విన్యాసం. నడిపేవారికి అది బాటతో జరిపే సంభాషణ.

బ్రేకుల కథ ఇంత సుఖంగా లేదు. యుద్ధానికి ముందునాటి కార్లన్నిటివీ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ములోకి నీరు చేరితే మొదటిసారి కాలు వేసినప్పుడు ఏమీ జరగదు. ఆ తరువాత ఒక చక్రం పట్టుకుని, మరొకటి పట్టుకోక, కారు పక్కకు లాగుతుంది. తెలిసిన డ్రైవర్లు మలుపుకు చాలా ముందుగానే ఎడమ కాలితో బ్రేకును మెల్లగా తాకి, వేడికి నీరు ఆరేలా చేసుకుంటారు. 1953 లమాన్ పందెంలో జాగ్వార్ సి-టైప్ డిస్క్ బ్రేకులతో గెలిచిన తరువాతే పరిస్థితి మారింది. 1920లలో వెలసిన బుగాట్టి టైప్ 35లో చక్రాన్నీ బ్రేకు డ్రమ్మునూ కలిపి ఒకే అల్యూమినియం పోతగా చేశారు. ఎండలో వేడిని చల్లార్చడానికి వేసిన ఎత్తు అది. వానను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు.

ఫ్రేజర్ నాష్ కార్లది వింత జాతి. వాటికి గేర్ల స్థానంలో సైకిలుకు ఉన్నట్టు గొలుసులుంటాయి, ఒక్కో గేరుకు ఒక్కో గొలుసు. వెనుక ఇరుసులో డిఫరెన్షియల్ ఉండదు. రెండు వెనుక చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరగవలసిందే. అందువల్ల పొడి బాట మీదనే తోక ఊపే ఆ కారు తడి మీద మలుపు తిరిగే తీరు చూసి తీరవలసింది.

ఇక విద్యుత్తు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో తడిస్తే ఒక్కో సిలిండరు మూగబోతుంది. ఆరు సిలిండర్ల ఇంజను అయిదింటితో, నాలుగింటితో దగ్గుకుంటూ రావడం రేడియోలో విన్నా గుర్తుపట్టవచ్చు. నిజానికి వానలో పందెం చూడడం కన్నా వినడం మేలు. నీటి తుంపర వెనుక కార్లు కనబడవు. డ్రైవరు యాక్సిలరేటరు మీద కాలు ఎంత సేపు ఉంచాడు, ఎక్కడ జంకాడు, చక్రాలు ఎక్కడ విడిపోయి ఇంజను ఒక్కసారి కేక వేసింది, అంతా చెవికి తెలుస్తుంది.

బలం తగ్గినచోట

వాన వల్ల బలాబలాలు ఎలా తారుమారవుతాయో సెలూన్ కార్ల పందెంలో స్పష్టంగా కనబడుతుంది. ఒకవైపు ఏడు లీటర్ల ఇంజనున్న అమెరికన్ ఫోర్డ్ గెలాక్సీ, మరోవైపు 1275 సీసీ మినీ కూపర్. ఎండ కాసినప్పుడు తిన్నని బాట మీద గెలాక్సీని మినీ అందుకోలేదు. వాన పడగానే గెలాక్సీ బలమంతా వెనుక చక్రాలను ఉన్నచోటే తిప్పడానికి ఖర్చవుతుంది. మినీలో ఇంజను బరువు నడిపే ముందు చక్రాల మీదే ఉంటుంది కనుక అది నీటిని లక్ష్యపెట్టకుండా దూసుకుపోతుంది. పెద్ద కారు వెనుక చిన్న కారు మలుపు మలుపునా ముక్కు దూర్చడం చూస్తూ తడిసిన జనం ఈలలు వేస్తారు.

చరిత్రలో వానతో పేరు తెచ్చుకున్నవారు కొందరున్నారు. 1926 జూలై 11న బెర్లిన్ ఆవుస్ బాట మీద జరిగిన మొదటి జర్మన్ గ్రాండ్ ప్రీలో రుడోల్ఫ్ కరచియోలా కారు ప్రారంభంలోనే ఆగిపోయింది. వెంట ఉన్న మెకానిక్ దిగి తోశాడు. పెద్ద వానలో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి, తాను గెలిచిన సంగతి తనకే తెలియకుండా పందెం పూర్తిచేశాడు. జర్మన్లు అతనికి ‘రెగెన్‌మైస్టర్’ అని పేరు పెట్టారు. మన భాషలో వాన మొనగాడు అనుకోవచ్చు. 1963లో బెల్జియంలోని స్పా బాట మీద జిమ్ క్లార్క్ వానలో దాదాపు అయిదు నిమిషాల తేడాతో గెలిచాడు. సెకన్లలో వందో వంతు లెక్కపెట్టే నేటి పందేల పక్కన ఆ అంకె నమ్మశక్యంగా ఉండదు.

వెల, ముప్పు

కరచియోలా విజయగాథ చెప్పేవారు ఆ రోజు జరిగిన మరో సంగతి తరచు వదిలేస్తారు. అదే పందెంలో అడాల్ఫ్ రోజెన్‌బెర్గర్ కారు తడి బాట మీద అదుపు తప్పి, కాలం లెక్కించే సిబ్బంది కూర్చున్న గదిని ఢీకొంది. ముగ్గురు చనిపోయారు. 1966లో స్పా బాట మీద వానలో బోల్తాపడ్డ జాకీ స్టీవర్ట్, కారుతున్న పెట్రోలులో తడుస్తూ కారులో ఇరుక్కుపోయాడు. తోటి డ్రైవర్లు పరుగున వచ్చి బయటికి తీశారు. పందేలలో భద్రత కోసం స్టీవర్ట్ సాగించిన సుదీర్ఘ ఉద్యమానికి ఆ ప్రమాదమే నాంది. అదే స్టీవర్ట్ 1968లో నూర్బుర్గ్‌రింగ్‌లో, వానలోనూ పొగమంచులోనూ, నాలుగు నిమిషాల తేడాతో గెలిచాడు. భద్రత అడిగినవాడు పిరికివాడన్న మాటకు అంతకు మించిన జవాబు ఉండదు.

ఇప్పుడు హెల్మెట్లు, మంట అంటని దుస్తులు తప్పనిసరి. కారు తన కాలపు రూపంలోనే ఉందని ధ్రువపరిచే సాంకేతిక పాస్‌పోర్టును అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య జారీచేస్తుంది. బాట జారుతున్నప్పుడు మార్షల్ పసుపు మీద ఎర్ర చారలున్న జెండా చూపిస్తాడు. ఈ మార్షళ్ళు జీతగాళ్ళు కారు, స్వచ్ఛంద సేవకులు. రోజంతా వానలో నిలబడి, ప్రమాదం జరిగితే మొదట పరుగెత్తేది వారే. అయినా యుద్ధానికి ముందునాటి కార్లలో చాలా వాటికి సీటు బెల్టు ఉండదు, బోల్తాపడితే కాపాడే కడ్డీ ఉండదు. వాన చూసి తన కారును వెనక్కు తీసుకున్న యజమానిని ఎగతాళి చేసే హక్కు గొడుగు కింద నిలబడిన మనకు లేదు.

డబ్బు మాట వేరు. మొత్తం 36 మాత్రమే తయారైన ఫెరారీ 250 జిటిఓలలో ఒకటి 2018లో అమెరికా వేలంలో 4.84 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. అలాంటి కారును వానలో మట్టి గట్ల మధ్య పరుగెత్తించడం పిచ్చితనమనేవారు కొందరు. మ్యూజియంలో ఉంచాలని వారి వాదం. ఈ వాదంలో బలం లేకపోలేదు. పగిలిన పోతకు బదులు కొత్తది పోయవచ్చు. పాతదనం మాత్రం తిరిగి రాదు. కొందరు యజమానులు అసలు కారును ఇంట ఉంచి అచ్చుగుద్దినట్టున్న నకలుతో పందేనికి వస్తారు. అప్పుడు మనం చూస్తున్నది దేనినన్న ప్రశ్న మిగులుతుంది.

అయితే కదలని కారును కాపాడినట్టేనా అన్నది రెండో వైపు ప్రశ్న. ఈ వ్యాసకర్త మొగ్గు ఆ వైపే. నడవని ఇంజనులో నూనె అడుగుకు దిగుతుంది, సీళ్ళు ఎండి బీటలు వారతాయి. అంతకన్నా పెద్ద నష్టం మనుషుల చేతుల్లో జరుగుతుంది. బేరింగులో తెల్లలోహం కరిగించి పోయడం, మాగ్నెటోకు తీగ తిరిగి చుట్టడం, చక్రపు ఆకులు బిగించి తిన్నగా నిలపడం, ఇవన్నీ పని ఉంటేనే బతికే పనులు. వారాంతాన కారు చెడితేనే సోమవారం వర్క్‌షాపు తలుపు తెరుచుకుంటుంది. నేర్చుకునే కుర్రవాడికి చోటు దొరుకుతుంది. మన నగరాల్లో పాతకారు ఉన్నవారితో మాట్లాడినా ఇదే గోడు వినబడుతుంది. కారు ఎలాగో దొరుకుతుంది, దానిని విప్పి మళ్ళీ బిగించగల పెద్ద మేస్త్రీ వెళ్ళిపోతే మరొకడు దొరకడు.

ఇంధనం గురించి ఒక మాట. 2024 రివైవల్‌లో పందెపు కార్లన్నీ పర్యావరణానికి తక్కువ హాని చేసే సుస్థిర ఇంధనంతో నడిచాయి. పాత ఇంజనుకు కొత్త ఇంధనం సరిపడదన్న అనుమానం చాలావరకు తీరింది.

అభిమాని రోజు

రివైవల్‌కు వచ్చే ప్రేక్షకులు 1940ల నుంచి 60ల నాటి దుస్తులు ధరిస్తారు. బాట ఆవరణలోకి 1966 తరువాతి వాహనాలను రానీయరు. ఎండలో ఇది అందంగా ఉంటుంది. వానలో ట్వీడ్ కోటు రెండింతల బరువెక్కి, తడిసిన గొర్రె వాసన వేస్తుంది. ఆడంబరం వద్దనుకునేవారికి వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ జరిపే చిన్న పందేలే హాయి. అక్కడ కార్లు నిలిపే ప్యాడక్‌లోకి ఎవరైనా వెళ్ళవచ్చు. మోకాళ్ళ మీద కూర్చుని స్పార్క్ ప్లగ్గులు తుడుస్తున్న పెద్దమనిషే కారు యజమాని కావచ్చు, డ్రైవరూ అతడే కావచ్చు. అడిగితే పని ఆపకుండానే జవాబు చెబుతాడు. అంతటా ఆముదం కలిసిన ఇంజను నూనె మాడిన వాసన ఉంటుంది. ఆముదపు దీపాల ఇళ్ళలో పెరిగినవారికి ఆ వాసన ఎక్కడికో తీసుకుపోతుంది.

తొలిసారి వెళ్ళేవారు రెండు మూడు విషయాలు గమనిస్తే చాలు. వానలో గొడుగు వెనుకవారి చూపుకు అడ్డు కనుక గట్టు మీద టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు. కార్యక్రమ పత్రిక కొనగానే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి, అందులో ఉన్న నంబర్లు లేకపోతే ఏ కారు ఎవరిదో తెలియదు. ఉదయపు ప్రాక్టీసును వదులుకోకూడదు. బాటలో నీరు నిలిచే చోట్లు డ్రైవర్లతో పాటు మనకూ అప్పుడే తెలుస్తాయి. చివరి పందెం తరువాత వెంటనే బయటపడాలని తొందరపడి ప్రయోజనం లేదు. కార్లు నిలిపే చోటు పచ్చిక బయలే. మూడు రోజుల వానకు అది వరిమడి అవుతుంది. తొంభై ఏళ్ళ బెంట్లీని ట్రెయిలరు మీదికి ఎక్కిస్తుంటే, పక్కన ప్రేక్షకుల కొత్త కార్లు బురదలో చక్రాలు తిప్పుకుంటూ ఉంటాయి. పొలంలోంచి వచ్చిన ట్రాక్టరు వాటిని ఒక్కొక్కటిగా రోడ్డు మీదికి లాగుతుంది.